చెక్కుబందీ లేని దేశం

సోమవారం పొద్దున తొమ్మిదింటికి, న్యూయార్క్‌లో ఒక పెద్ద హోటలు పదకొండో అంతస్తులో, వసుమతి ఒక దేశానికి స్వాతంత్ర్యం టైపు చేస్తూ చేస్తూ మొదటి పేరా దగ్గరే ఆగిపోయింది.

ఆ దేశం పేరు కసీరా. పటంలో చూస్తే సముద్రం ఒడ్డున ఎండబెట్టిన సావడాయి చేపలా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. నూట ముప్ఫై ఏళ్ల నుంచి పరాయి ఏలుబడి. పద్నాలుగేళ్ల నుంచి తుపాకుల పోట్లాట. చివరికి 1982 మార్చిలో మూడు దేశాల పెద్దమనుషులు మధ్యలో మేముండి తీరుస్తామని ముందుకొచ్చి, ఈ హోటల్లో మూడు అంతస్తులు తీసుకున్నారు. పద్నాలుగో అంతస్తులో పాలక దేశం వాళ్లు. తొమ్మిదో అంతస్తులో కసీరా విమోచన సంఘం వాళ్లు. నడుమన పదకొండులో మధ్యవర్తులు. పైవాళ్లు కిందివాళ్ల మొహం చూడరు. చూస్తే వాళ్లను మనుషులుగా ఒప్పుకున్నట్టవుతుందని భయం. అందుకని మనుషులు ఎవరి అంతస్తులో వాళ్లు కూర్చుంటారు, కాగితమే లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతుంది.

ఆ కాగితం టైపు చేసేది వసుమతి. మోసుకెళ్లి ఇచ్చేదీ ఆమే. నోరు మాత్రం విప్పకూడదు. ఆ మాటకి సంతకం పెట్టించుకునే ఉద్యోగం ఇచ్చారు.

ఆమెది గుంటూరు జిల్లా, కరణం గారి కూతురు. బి.ఏ. చదివి, టైపు హయ్యరు పాసై, ఏడేళ్ల కిందట భర్త జగన్మోహన్‌తో న్యూయార్క్ పక్కనున్న పార్సిప్పనీ ఊరికి వచ్చింది. ఈ ఉద్యోగం ఇప్పించింది కృష్ణారావు. బాపట్ల వైపు మనిషి, మధ్యవర్తుల కార్యాలయానికి కార్యదర్శి. తెలుగువాళ్ల పిక్నిక్‌లో పులిహోర తింటూ, "టైపు వచ్చా అమ్మాయ్, అయితే నీకు ఉద్యోగం వచ్చినట్టే" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆమె ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది.

ఆ అన్నయ్యగారు ఎర్ర పెన్సిలుతో దిద్ది ఇచ్చిన ఫైనల్ కాపీ ఇప్పుడు ఆమె ముందుంది. మొదటి పేరాలో "ప్రస్తుతం పాలనలో ఉన్న మేరకు కసీరా" అని ఉంది.

వసుమతి సొరుగు లాగి గురువారం నాటి కాపీ తీసి పక్కన పెట్టింది. అందులో వట్టి "కసీరా" అనే ఉంది. ఆ మాటల తోక లేదు. ఎనిమిదో పేరా చూసింది. గురువారం ఎనిమిదో పేరాలో ఒక వాక్యం ఉంది: తంబో రేవు సంగతి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది లోపల ఉభయులూ కూర్చుని తేల్చుకోవాలి. ఇవాళ్టి కాపీలో ఎనిమిదో పేరాలో బడుల గురించి ఉంది. తొమ్మిదోది ఎనిమిదై కూర్చుంది. రేవు మాట ఎక్కడా లేదు.

తంబో కసీరాకి ఉన్న ఒక్కగానొక్క రేవు. నాలుగేళ్ల కిందట పాలక దేశం వాళ్లు ఒక కాగితం ముక్క మీద ఆ రేవుని కసీరా నుంచి విడదీసి, విడిగా ఒక కమిషనరుని పెట్టుకున్నారు. అంటే ప్రస్తుతం పాలనలో ఉన్న మేరకు కసీరాలో రేవు లేదు. నాలుగు మాటలు చేర్చి, ఒక వాక్యం తీసేస్తే, సముద్రం ఒడ్డున ఉన్న దేశానికి ఓడ దిగే చోటు లేకుండా పోయింది. సంతకాలు మధ్యాహ్నం మూడింటికి.

వసుమతికి ఈ పని కొత్త కాదు. ఈ పని చేసిన ఇంట్లోనే పుట్టింది.

దస్తావేజులో పొలానికి సర్వే నంబరు రాస్తారు, ఎకరాలు రాస్తారు. ఆ కింద చెక్కుబందీ రాస్తారు: తూర్పున ఫలానా వాడి చేను, దక్షిణాన డొంక, పడమర కాలవ, ఉత్తరాన ఫలానా వాడి దిబ్బ. నాలుగు దిక్కులూ ఉంటే ఆ నేల ఎక్కడికీ కదలదు. వాళ్ల నాన్నకు కళ్లలో పువ్వులు పడ్డాక పన్నెండేళ్ల వసుమతి చేత రాయించేవాడు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఒక రోజు సత్తెయ్య అనే రైతు దస్తావేజు రాస్తుంటే నాన్న నంబరు చెప్పాడు, ఎకరాలు చెప్పాడు, చాలు, సిరా ఆరడానికి ఇసక జల్లమన్నాడు.

"చెక్కుబందీ రాయలేదుగా నాన్నా" అంది.

"నంబరు ఉందిగా. చెప్పింది రాయి."

రెండేళ్ల తరవాత సత్తెయ్య పొలంలో కాలవ పక్కనున్న ముప్పాతిక ఎకరం ఊరి మోతుబరి చేలో కలిసిపోయింది. కోర్టులో ఆ దస్తావేజు చూపించారు. పడమర ఏముందో అందులో లేదు. సత్తెయ్య వచ్చి కరణం గారి అరుగు ముందు నిలబడి ఎవర్నీ తిట్టలేదు. "ఇది రాసిన చెయ్యి ఎవరిదండీ" అని మాత్రం అడిగాడు. వసుమతి తలుపు వెనక్కి వెళ్లి నిలబడింది. నాన్న చేసిన మోసం నాన్నదే, అక్షరాలు మాత్రం ఆమెవి.

ఆమె కాగితం మెషీన్‌లోంచి లాగేసి కృష్ణారావు గదికి వెళ్లింది.

"అన్నయ్యగారూ, ఎనిమిదో పేరాలో రేవు లైను పడిపోయింది."

కృష్ణారావు కళ్లజోడు మీదుగా చూశాడు. "పడిపోలేదమ్మాయ్. తీశాం."

"తొమ్మిదో అంతస్తు వాళ్లకి తెలుసా?"

"కాపీ ఇస్తాంగా. చదువుకుంటారు."

"పన్నెండింటికి ఇచ్చి మూడింటికి సైన్ చెయ్యమంటే ఇరవై రెండు పేజీలు ఎక్కడ చదువుతారు? మార్చామని చెప్పండి వాళ్లకి. వాళ్ల లాయరు కూడా లేడు. అంతా సెటిలైపోయిందని మీరు చెబితేనే శనివారం ఫ్లైట్ ఎక్కాడు."

"కూర్చో."

"నిలబడతాను."

ఆయన నవ్వాడు. "అదిగో, కరణం గారి రక్తం. అచ్చుతప్పు కనపడితే నిద్ర పట్టదు మీకు. చూడు వసుమతీ, ఫోర్టీన్త్ ఫ్లోర్ వాళ్లు ఆ లైను ఉంటే పెన్నే పట్టుకోం అన్నారు. ఆదివారమంతా మన పెద్దాయన విట్‌మోర్ గారు వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాడు. ఆ లైను తీస్తే సంతకం, లేకపోతే మళ్లీ యుద్ధం. నువ్వైతే ఏం చేస్తావు?"

"కిందకెళ్లి ఆ మాటే చెబుతాను."

"చెబితే ఒప్పుకోరు."

"ఒప్పుకోరని తెలిసి చెప్పకుండా సంతకం పెట్టించుకుంటే దాన్నేమంటారు?"

"కన్‌స్ట్రక్టివ్ యాంబిగ్విటీ అంటారు. కాస్త మసగ్గా ఉంచితే ఎవరికి కావాల్సింది వాళ్లు చదువుకుంటారు. ప్రపంచంలో సగం ఒప్పందాలు అలాగే జరిగాయి."

"మా ఊళ్లో దొంగ దస్తావేజు అంటారండీ."

కృష్ణారావు మొహంలో నవ్వు పోయింది. "మాట జాగ్రత్త. నేను ముప్ఫై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉన్నాను. ఆ మనుషులకి జెండా వస్తుంది, అసెంబ్లీ వస్తుంది, పిల్లలు చావడం ఆగుతుంది. రేవు ఇవాళ కాకపోతే పదేళ్లకి అడుక్కుంటారు."

"అడుక్కుంటారు. ఆ మాట మీరే అన్నారు."

"వెళ్లి టైపు చెయ్యి. పన్నెండింటికి కిందకి కాపీ వెళ్లాలి. ఇచ్చి రా, అంతే. నీకిచ్చిన పని అంతవరకే."

వెళ్లి టైపు చేసింది. అందుకు తన మీద తనకే మండుకొచ్చింది. వేళ్లు ఆగలేదు. అలవాటు పడ్డ వేళ్లు, ఒక్క తప్పు లేకుండా ఇరవై రెండు పేజీలు కొట్టాయి. ముత్యాల్లాంటి అక్షరాలు.

తొమ్మిదో అంతస్తులో తలుపు తీసింది డొమింగోస్. బృందానికి పెద్ద ఆయనే. అరవై దగ్గర వయసు. ఇరవై ఏళ్లు తంబో రేవులో ఓడల్లోంచి సరుకు దించిన మనిషి, క్రేను తాడు ఎడమ చేతి రెండు వేళ్లు పట్టుకుపోయింది. రేవులో సమ్మె నాడు జరిగిన కాల్పుల్లో ఆయన తమ్ముడు పోయాడు. ఇవన్నీ రోజూ కాగితాలిస్తూ, నోరు విప్పకుండా, వాళ్లు తమ లాయరుతో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే విన్నవే.

ఆయన గదిలో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా కుర్చీకి తగిలించి ఉంది. మూడింటి కోసం.

"ఫైనల్ కాపీ" అని ఇచ్చింది. మామూలుగా అక్కడితో వెనక్కి తిరగాలి. తిరగలేదు.

"మీ దేశానికి పడమర ఏముంది?"

డొమింగోస్ నవ్వాడు. "సముద్రం. చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు."

"ఈ కాగితంలో ఎక్కడుందో చూపించండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంగ్లీషు ఆయన వేలు పెట్టి చదువుతాడు. మొదటి పేరా మీద వేలు ఆగింది. అక్కణ్ణించి పేజీలు తిప్పి ఎనిమిదో పేరా దగ్గరికి వెళ్లింది. బడులు. ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"గురువారం ఇక్కడ రేవు ఉంది."

"ఉంది."

"ఆ ఒక్క వాక్యం కోసం గనులు వదిలాం. వాళ్ల సిపాయిలు మరో మూడేళ్లు ఉంటారంటే తలూపాం. ఆ ఒక్క వాక్యం కోసం. ఎవరు తీశారు?"

"తీసింది పైన. టైపు చేసింది నేను."

డొమింగోస్ తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత లేదు. ఆమె దాన్ని వెతుక్కోలేదు కూడా.

"నువ్వు వాళ్ల జీతం తింటావు. రెండు నెలల నుంచి వస్తున్నావు, గుడ్ మార్నింగ్ కూడా సరిగా అనలేదు. ఇవాళ వచ్చి ఇది చూడు అంటున్నావు. నిన్ను పంపింది ఎవరు? పద్నాలుగో అంతస్తా?"

"నన్నెవరూ పంపలేదు."

"అదే కదా వాళ్లకి కావాల్సింది. నేను సంతకం పెట్టకపోతే రేపు పేపర్లో ఏమొస్తుందో తెలుసా? నల్లవాళ్లకి శాంతి అక్కర్లేదు, బంగారు పళ్లెంలో పెట్టిస్తే తన్నేశారు అని వస్తుంది. పెడితే రేవు పోతుంది. పెట్టకపోతే పేరు పోతుంది. ఎటు తిరిగినా లాభం వాళ్లదే. నువ్వు ఏ లాభం కోసం వచ్చావు?"

"నా చిన్నప్పుడు ఒకాయన పొలం ఇలాగే రాశాను" అంది వసుమతి. "నా చేత్తోనే. ఆయనకి పడమటి పక్క పోయింది. చదువొచ్చిన వాళ్లం మేమందరం అక్కడే ఉన్నాం. ఒక్కళ్లం చెప్పలేదు. నన్ను నమ్మకపోతే మానండి. కాగితాన్ని కూడా నమ్మకండి."

ఆమె గొంతు పెరిగింది. బయట కాపలా మనిషి తలుపులోంచి తొంగి చూశాడు. డొమింగోస్ చేత్తో వాణ్ణి వెళ్లమన్నాడు.

"ఆ పొలం మనిషి ఏమయ్యాడు?"

"కూలికెళ్లాడు. తన చేలోకే."

డొమింగోస్ లేచి తెల్ల చొక్కా అందుకున్నాడు. "వెళ్లు. నువ్వు నాకేం చెప్పలేదు. నేనే చదువుకున్నాను."

మూడింటికి పదకొండో అంతస్తు పెద్ద గదిలో బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు. అప్పటికీ పైవాళ్లు రాలేదు. ముందు కిందివాళ్లు పెట్టాలి, తరవాత అదే కాగితం లిఫ్టులో పైకి వెళ్లాలి. విట్‌మోర్ నిలబడ్డాడు. పొడుగాటి అమెరికన్ లాయరు, మధ్యవర్తుల్లో పెద్ద, మాట మెత్తన. కృష్ణారావు పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. వసుమతి కాపీల దొంతర పట్టుకుని గోడ పక్కన నిలబడింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎక్కడ కాగితాల మీద సంతకాలు జరిగినా ఆమె చోటు గోడ పక్కనే.

డొమింగోస్ పెన్ను తీసుకోలేదు. "సంతకం పెడతాను" అన్నాడు. "ఒక్క లైను చేర్చండి. గురువారం మీరే రాసిన లైను."

విట్‌మోర్ కృష్ణారావు వైపు చూశాడు. కృష్ణారావు బల్ల వైపు చూశాడు.

"గురువారం నాటిది డ్రాఫ్టు" అన్నాడు విట్‌మోర్. "ఇది ఒప్పందం. రెండిటి ఆత్మా ఒకటే. రేవు గురించి మాట్లాడుకోకూడదని ఇందులో ఎక్కడా లేదు కదా."

"మాట్లాడుకోవాలని ఉండేది. అది తీసేశారు."

"మిస్టర్ డొమింగోస్, ఈ ఒప్పందం ఆత్మని చూడండి."

"ఆత్మ దగ్గరికి ఓడలు రావు అయ్యా. రేవుకి వస్తాయి."

విట్‌మోర్ మెత్తగానే అన్నాడు, "ఈ అవకాశం మళ్లీ రాదు."

"రెండు నెలల నుంచి నేను మీ లిఫ్టు కింద కూర్చున్నాను" అన్నాడు డొమింగోస్. "ఇక్కడ కాగితం మారిందని నాకు చెప్పాల్సింది మీరు. మీకు పైవాళ్లు ఎంతో, నేనూ అంతే అని మొదటి రోజు ఈ గదిలోనే చెప్పారు. లైను తీయించినందుకు నాకు వాళ్ల మీద కోపం లేదు. వాళ్లు దొంగలని ముందే తెలుసు. మీరు మధ్యలో ఉన్నారు. నా కోపం మీ మీద."

ఆయన చొక్కా గుండీ సర్దుకుని వెళ్లిపోయాడు. వెనకే మిగతా నలుగురూ. బల్ల మీద మూత తీసిన పెన్ను అలాగే ఉంది.

అరగంట తరవాత కృష్ణారావు వసుమతి బల్ల దగ్గరికి వచ్చాడు. ఉదయం నుంచి పదేళ్లు పెరిగినట్టున్నాడు. గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు.

"నువ్వే చెప్పావా?"

నేనే చదువుకున్నానన్న అబద్ధం డొమింగోస్ ఆమె కోసమే సిద్ధం చేశాడు. దాని వెనక దాక్కోవచ్చు. ఇదివరకు ఒకసారి తలుపు వెనక దాక్కున్నదే చాలు అనిపించింది.

"నేనే చెప్పాను."

"పిక్నిక్‌లో నిన్ను చూసి మనవాళ్లమ్మాయి కదా అనుకున్నాను చూడు, నాదీ తప్పు. రేపట్నుంచి రాకు. జగన్మోహన్‌కి ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

"ఆయనకి జరిగిందే చెబుతాను. మీరు ఇంట్లో రేణు వదినగారికి ఏం చెబుతారు?"

ఆయన టైపు మెషీన్ వైపు చూపించాడు. "ఈ ఒక్క పని చేసి వెళ్లు. కింద లాబీలో ప్రెస్సు వాళ్లు కూర్చున్నారు. నాలుగింటికి ప్రకటన ఇవ్వాలి. కాగితం పెట్టు."

ఆమె కాగితం పెట్టింది. ఆయన ఇంగ్లీషులో చెబుతున్నాడు, ఆమె కొడుతోంది. మధ్యవర్తులు శాయశక్తులా కృషి చేశారు. కొట్టింది. ఉభయ పక్షాలూ ఒప్పందానికి ఎంతో దగ్గరగా వచ్చాయి. కొట్టింది. కసీరా ప్రతినిధి బృందం చివరి నిమిషంలో కొత్త కోరికను లేవనెత్తినందువల్ల.

మెషీన్ ఆగింది.

"ఏమైంది?"

"కొత్త అని నేను కొట్టను."

"ఏం మాట అది?"

"కొత్తది కాదుగా. గురువారం కాగితం ఇదిగో, నా సొరుగులో ఉంది. మీ ఎర్ర పెన్సిలుతో దాని పక్కన ఓకే అని రాశారు కూడా. పాత కోరిక అని చెప్పండి, కొడతాను. ఒప్పుకుని తీసేసిన కోరిక అని చెప్పండి, ఇంకా బాగా కొడతాను."

"ఒక్క మాట మీద పేచీ పెడతావా? ప్రెస్సు వాళ్లకి ఏం చెప్పాలో టైపిస్టు చెబుతుందా?"

"నాలుగు మాటల మీద ఒక రేవు పోయిందండీ పొద్దున."

"వసుమతీ, మర్యాదగా చెబుతున్నాను."

"మర్యాదగానే వింటున్నాను. కొట్టను."

కృష్ణారావు చుట్టూ చూశాడు. పక్క గదుల్లో ఎవరూ లేరు, వేడుక ఉందని మిగతా వాళ్లను మధ్యాహ్నమే పంపేశారు. గోడ గడియారం నాలుగుకి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆయన చేత్తో కుర్చీ ఖాళీ చెయ్యమన్నాడు. వసుమతి లేచింది. కోటు తొడుక్కుంది. గురువారం కాగితం సొరుగులోంచి తీసి, ఆయన చూస్తుండగానే మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది.

"అది ఆఫీసు కాగితం" అన్నాడు.

"కింద తొమ్మిదో అంతస్తులో ఇచ్చేసి వెళతాను. ప్రెస్సు వాళ్లకి వాళ్లే చూపించుకుంటారు."

"అలా చేశావంటే ఈ ఊళ్లో నీకు ఇంకెక్కడా ఉద్యోగం దొరకదు."

"దొరకనివ్వకండి."

ఆయన ఫోను వైపు చూశాడు. ఎవర్ని పిలిచినా ఆ ఎర్ర ఓకే సంగతి చెప్పాలి. ఫోను ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని మెషీన్ వైపు తిరిగాడు. ముప్ఫై ఏళ్లలో ఎన్ని ఒప్పందాలు పుట్టించాడో గానీ ఒక్క దాన్నీ తన చేత్తో కొట్టిన పాపాన పోలేదు. చూపుడు వేలు చాచి మీటల మీద గాలిలో అటూ ఇటూ తిప్పాడు. ఆయనకు ఇంగ్లీషులో కావాల్సిన మాటకి మూడే అక్షరాలు. మొదటిది ఎన్. ఆ ఎన్ ఎక్కడుందో ఆయనకు కనపడలేదు. పై వరస చూశాడు, మధ్య వరస చూశాడు, మళ్లీ పైకి వెళ్లాడు.

కింది వరసలో, కుడి వైపు. వసుమతికి తెలుసు. చెప్పకుండా లిఫ్టు వైపు నడిచింది.